పేకముక్కలు పొదిగిన పడవ

పడవలో చేసే గారడీ మరీ బాగుండకూడదు. సిరొంచ రేవులో పడవ నడిపే సోముకు ఈ సంగతి నీళ్లలో తడిస్తేగానీ తెలియలేదు.

పేకముక్కలతో అతని చెలిమి పదేళ్లది. అహేరి వైపు నుంచి వచ్చిన ప్రయాణికుడెవరో ఒక పేక కట్ట పడవలో మరిచిపోయాడు. మళ్లీ వస్తాడేమోనని సోము దాన్ని ఏడాది పాటు దాచాడు. రాకపోయేసరికి విప్పాడు. నేర్పే గురువు లేడు. జనం కోసం ఎదురుచూసే గంటల్లో పడవ అంచున కూర్చుని, కదలని నీళ్లలో తన చేతుల నీడను చూసుకుంటూ నేర్చుకున్నాడు. గాలి వీచిన రోజు సాధన ఉండేది కాదు. నీళ్లలోని చేతులు తన కళ్లనే బోల్తా కొట్టించిన రోజున, ఇక మనుషులకు చూపించవచ్చని అనుకున్నాడు.

మనుషులకు చూపించాడు, పేరొచ్చింది. సంతకు పోయే రైతులూ, బట్టల మూటలతో తిరిగే వర్తకులూ, కచేరీ పని మీద వచ్చిన పట్వారీలూ అతని గారడీ చూస్తూ నది దాటేవారు. పెద్దలు కాబట్టి కూర్చునే చూసేవారు, కూర్చునే మీసం దువ్వేవారు.

పిల్లలు అలా కాదు.

కిందటేడు శివరాత్రికి బడి పంతులు ఆనందరావు గురూజీ చిన్న తరగతుల పిల్లలను కాళేశ్వరం జాతరకు తీసుకుపోతూ సోము పడవ ఎక్కించాడు. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటు దాటగానే సోముకు ఉత్సాహం పొంగింది. అందరికంటే గొప్పవాళ్లకు మాత్రమే చూపించే గారడీ తీశాడు. వట్టి గాలిలోంచి ఆఠీను రాణిని పట్టాడు. పట్టినదాన్ని మళ్లీ గాలిలో కలిపేసి గురూజీ టోపీలోంచి బయటికి లాగాడు. ఆ చివర కూర్చున్న పిల్లలకు సరిగా కనిపించలేదు. కనిపించకపోతే పిల్లలేం చేస్తారు? లేచారు. లేచినవాళ్లు పరుగెత్తారు. పడవ ఒక పక్కకు ఒరిగి బిందెలకు బిందెలు నీళ్లు లోపలికి తాగింది. భీము అనే బుడ్డోడు నదిలోకి జారబోతుంటే సోము చొక్కా పట్టి గుంజాడు. మనుషులందరూ మిగిలారు. గురూజీ గొడుగూ, పూరీల డబ్బా, పేక కట్టలోంచి కొన్ని ముక్కలూ గోదావరి పాలయ్యాయి.

"గారడీ చేస్తున్నవా, జలసమాధి కడుతున్నవా?" అన్నాడు గురూజీ, టోపీ పిండుకుంటూ.

ఆ తరువాత సిరొంచలో ఏ తల్లీ తన పిల్లలను సోము పడవ ఎక్కించలేదు. పిల్లలు ఎక్కని పడవను తల్లులూ ఎక్కరు. రామయ్య పెద్ద పడవ కిక్కిరిసి పోతుంటే సోము పడవ గూటానికి కట్టి ఉండేది. ఇంకో ఏడు ఇలాగే గడిస్తే పడవను విప్పి పొయ్యిలో పెట్టుకోవలసిందేనని అతని భార్య పోశక్క రోజుకోసారి గుర్తుచేసేది.

అలాంటిది ఈ ఏడు శివరాత్రికి ఎనిమిది రోజుల ముందు గురూజీ తనే రేవుకు దిగాడు.

"రామయ్య పడవ అడుగు పలక పోయిందట. నీ దగ్గరికి రాక తప్పలే," అన్నాడు. "జర చెవి పెట్టి విను సోము. ఒక్క పోరడు లేచి నిలబడ్డా, నడి గోదారి నుంచే వెనక్కి తిప్పాలె. ఇగ జన్మల నీ పడవ మొఖం చూడం."

"గారడీ చెయ్యొద్దా గురూజీ?"

"చెయ్యకుంటే మొసలిని చూస్తమని లేస్తరు. చేస్తే గారడీ చూస్తమని లేస్తరు. నువ్వేం చేస్తవో నాకేమెరుక?"

సోము ఇంట్లోంచి ఒక ఇత్తడి చెంబు తెచ్చాడు. ఒడ్డుకు కట్టిన పడవలో నడిమి బల్ల మీద దాన్ని పెట్టి, అంచుల దాకా నీళ్లు పోశాడు. రేవు దగ్గర ఆడుకునే పిల్లలను ఓ ఎనిమిది మందిని పిలిచి రెండు వైపులా కూర్చోబెట్టాడు. వాళ్ల పెద్ద లతీఫా. కరీమ్ దర్జీ కూతురు, ఏడేళ్లది, నోరు మాత్రం డెబ్బై ఏళ్లది.

సోము లెక్క సూటిగా ఉంది. గారడీ చూసి పిల్లలు నవ్వాలి. చెంబులోంచి చుక్క ఒలకకూడదు.

మొదట పెద్దలకు బాగా నచ్చే గారడీ చేశాడు. భీము చేత ఒక ముక్క తీయించి, చూసి గుర్తుపెట్టుకొమ్మని, కట్టలో కలిపాడు. కలిపి కలిపి, మంత్రం ఊది, ఒక ముక్క పైకెత్తాడు.

"ఇదేనా నీ పత్తా?"

భీము చాలాసేపు ఆలోచించాడు. "నాకెరుక లేదు."

"చూసినవ్ గద బిడ్డా!"

"చూసిన. మర్చిపోయిన. నువ్వు గుర్తు పెట్టుకోకపోయినవా మామా?"

చెంబు ఒలకలేదు. ఎవరూ నవ్వలేదు కూడా. అంకెలు రాని పిల్లలకు ఏడు గుర్తులేమిటి, తొమ్మిది గుర్తులేమిటి? సోము దాన్ని పక్కన పెట్టాడు.

రెండోది, చేతిలో ముక్క మాయం కావడం. మాయమైంది. మరుక్షణం ఎనిమిది మందీ సోము మీద పడి తలగుడ్డ విప్పారు, చంకలో వెతికారు, నోరు తెరవమన్నారు. చెంబు దొర్లుకుంటూ పోయి నదిలో పడింది. మాయమైన వస్తువు పిల్లలను కూర్చోనివ్వదని సోముకు అర్థమైంది. ఈదుకుంటూ వెళ్లి చెంబు తెచ్చుకున్నాడు.

మూడోదానికి కావాలనే తప్పు ముక్క చూపించాడు. "గది కాదు! గది కాదు!" అని పిల్లలు చప్పట్లు కొట్టి, పొట్టలు పట్టుకుని, బల్లల మీద ఎగిరెగిరి నవ్వారు. చెంబులో సగం నీళ్లు మిగిలాయి.

"ఇదే మస్తున్నది మామా," అంది లతీఫా, తడిసిన గౌను పిండుకుంటూ. "మళ్ల చెయ్యి."

మస్తుగా ఉన్నదే మునిగేది. ఆరో రోజు సాయంత్రం సోము ఇంటి ముందర దిగాలుగా కూర్చున్నాడు. గంప కింద పొదుగుతున్న కోడికి పోశక్క నూకలు వేస్తోంది.

"ఏమయ్యా, గా పోరగాండ్ల తోటి పరేషాన్ అయితున్నవ్," అంది. "గీ కోడిని జూడు. నేను కాలు తొక్కినా లేస్తలేదు. దీనికేమన్న గారడీ చూపిస్తున్ననా నేను?"

సోము కోడిని చూశాడు. కోడి సోమును చూసింది. అతను గబుక్కున లేచి, "ఉన్నది! గారడీ దాని కింద ఉన్నది!" అని అరిచాడు. కోడి రెక్కలు కొట్టింది కానీ లేవలేదు.

మిగిలిన రెండు రోజులూ అతను పడవ అంచు వదలలేదు. కట్టలోంచి రాజు, రాణి బొమ్మలున్న ముక్కలన్నీ తీసేశాడు, వాటిలో అన్ని రంగులూ ఉంటాయి కాబట్టి. గుర్తుల ముక్కలను ఒకటి ఎరుపు, దాని కింద ఒకటి నలుపుగా పేర్చాడు. పై రెంటినీ ఒకే ముక్కలా కలిపి ఎత్తి నలుపును చూపించడం, మళ్లీ దించి, పైనున్న ఎర్రదాన్ని మాత్రం జార్చి ఇవ్వడం, మిగిలిన నల్లదాన్ని కట్ట అడుగుకు తోసేయడం. చేసేది అంతే. చెప్పడానికి ఒక్క ముక్క, చేతికి రావడానికి రెండు రోజులు. పెద్దవాళ్లు ఆ రెంటి మందాన్ని పసిగట్టగలరు, ఎందుకంటే పెద్దవాళ్లు చేతులు చూస్తారు. పిల్లలు ముక్కను చూస్తారు.

శివరాత్రి పొద్దున పద్దెనిమిది మంది పిల్లలు రేవుకు వచ్చారు. వెనకే తల్లులు, ఒడ్డున నిలబడి, ఒక కన్ను పిల్లల మీద, ఒక కన్ను సోము మీద. సోము ఒక్కొక్కరినీ చేయి పట్టి ఎక్కించి, బల్ల మీద కూర్చునే ముందు ఒక ముక్క చూపించాడు.

"ఏం రంగు బిడ్డా?"

"నల్లది!"

"ఇది గుడ్డు. నువ్వు కోడివి. కింద పెట్టుకొని పొదుగాలె. పడవ ఇసుకను ముట్టేదాకా లేవొద్దు, తీసి చూడొద్దు. లేస్తే సల్లారుతది. లేవకుంటే ఎర్రగ పండుతది."

పద్దెనిమిది ముక్కలు పద్దెనిమిది మంది కిందికి చేరాయి. చివర గురూజీ ఎక్కి చేయి చాపాడు. "నాదేది?"

గురూజీ కళ్లద్దాలు సూటిగా సోము వేళ్ల మీదే ఉన్నాయి. అక్కడ చేయి ఆడదు. ఇస్పేటు ఏడును చూపించి, చూపించిన ఆ ముక్కనే అతని చేతిలో పెట్టాడు. గురూజీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని, ధోవతి సర్దుకుని దాని మీద కూర్చున్నాడు. సోము నిండు చెంబును తన కాళ్ల ముందు పెట్టుకుని గెడ వేశాడు.

రేవు దాటారో లేదో, భీము కళ్లు గుండ్రంగా చేశాడు. "మామా, నాది ఎచ్చగైతున్నది!"

"నాది కదులుతున్నది!"

"నాది కొరుకుతున్నది!"

"కొరికితే మంచిదే, పండుతున్నట్టు," అన్నాడు సోము.

భీము "కొక్కొక్కొక్కో" అన్నాడు. అంతే. పద్దెనిమిది కోళ్లూ అందుకున్నాయి. చేతులు చంకల్లో పెట్టుకుని, మెడలు ముందుకు చాపి, కొక్కొక్కొక్కో. నవ్వలేక నవ్వి, దగ్గి, మళ్లీ కొక్కొక్కో. ఎదురుగా వస్తున్న పుట్టిలోని చేపలాయన వల వేయడం మరిచి నోరు తెరిచాడు. చెంబులో నీళ్లు అంచు దాకా వచ్చి వణికి, మళ్లీ వెనక్కి పోయాయి. ఒక్క చుక్క రాలలేదు. సోముకు కూడా కూయాలనిపించింది కానీ చేతిలో గెడ ఉంది.

నడి నదిలో ఇసుకదిబ్బ దగ్గర పడవ మళ్లుతుండగా లతీఫా ముందుగా చూసింది. చేతులు చంకల్లోంచి తీయకుండా గడ్డంతో చూపించింది.

"మొసలి! ఎవ్వలు లేవకుండ్రి! మెడ తిప్పి చూడుండ్రి!"

పద్దెనిమిది మెడలు తిరిగాయి. పద్దెనిమిది ముడ్డులూ బల్లలకు అతుక్కునే ఉన్నాయి.

"ఏదీ? ఎక్కడ?" అంటూ గురూజీ లేచి నిలబడ్డాడు.

పడవ ఒరిగింది. చెంబు బోర్లా పడింది. సోము గెడను అవతలి వైపు నాటి బలమంతా పెట్టి ఆపాడు. అతను నోరు తెరిచేలోపే పిల్లలు అరిచారు.

"కూసో గురూజీ! కూసో! పత్తా సల్లారుతది!"

చిన్న తరగతి వాళ్లంతా ఒక్క గొంతుతో గద్దిస్తే, ఏం చేస్తాడు? గురూజీ చప్పున కూర్చున్నాడు. ఆ తరువాత ఒడ్డు వచ్చేదాకా మొసలి మాట ఎత్తలేదు, టోపీ జారినా సర్దుకోలేదు.

పడవ ముక్కు కాళేశ్వరం ఇసుకను కర్రుమని ముట్టింది.

"ఇగ తియ్యిండ్రి!" అన్నాడు సోము.

ఎరుపు! ఎరుపు! నాది గూడ ఎరుపు! పద్దెనిమిది ఎర్ర ముక్కలు ఎండలోకి లేచాయి. పిల్లలు ఇసుకలోకి దూకి గిరగిరా తిరిగారు. భీము తన ముక్కను ముద్దు పెట్టుకున్నాడు. ఆ గోలలో గురూజీ నెమ్మదిగా తనది తీసి చూసుకున్నాడు.

నలుపు. అదే ఇస్పేటు ఏడు.

ముందు లతీఫా చూసింది. "గురూజీది పండలే!" అంది. తరువాత అందరికీ కారణం ఒక్కసారే తట్టింది. "లేచిండు! గురూజీ లేచిండు!"

గురూజీ ముక్కనూ సోమునూ మార్చి మార్చి చూశాడు. సోము వంగి తాడు కడుతున్నాడు. చాలా శ్రద్ధగా కడుతున్నాడు.

"నడి గోదారిల లేస్తే ఏమన్నుంటిని సోము నేను?" అన్నాడు గురూజీ చివరికి.

"పోరగాండ్లు లేస్తే వెనక్కి తిప్పుమన్నవ్ గురూజీ," అన్నాడు సోము ముడి బిగిస్తూ. "పోరడైతే ఎవ్వడు లేవలే."

జాతరలో పిల్లలు రంగులరాట్నం తిరుగుతుంటే సోము పడవలో కూర్చుని, వాళ్ల దగ్గర వెనక్కి తీసుకున్న ముక్కలు మళ్లీ పేర్చుకున్నాడు. ఈసారి పంతొమ్మిది జతలు.

పొద్దు వాలకముందే తిరుగు ప్రయాణం. పేలాల పొట్లాలూ బూరలూ పట్టుకుని పిల్లలు ఎక్కారు. అవతలి ఒడ్డున తల్లులు చేతులు కళ్లకు అడ్డం పెట్టుకుని చూస్తున్నారు. గురూజీ చివర ఎక్కాడు. పొద్దున్నే నలుగురిలో నవ్వులపాలైన మనిషి. ముభావంగా చేయి చాపాడు.

సోము రెండు ముక్కలను ఒక్కటిగా ఎత్తాడు. వేళ్లు ఒక్క క్షణం తడబడ్డాయి. పెద్దవాళ్లెవరైనా పట్టేసేవారే.

"ఏం రంగు గురూజీ?"

గురూజీ అతని చేతుల వైపు చూడనే లేదు. ముక్కకేసి వంగి, కళ్లద్దాలు పైకి తోసుకుని, "నల్లదే," అన్నాడు భయంభయంగా. "ఈసారి లేవ. సచ్చినా లేవ."

ముక్క కింద పెట్టుకుని, రెండు చేతులతో బల్లను గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. సోము గెడ వేశాడు. పడవ కదిలింది. నది మధ్యకు వచ్చేసరికి, సిరొంచ ఒడ్డున ఉన్న తల్లులకు పద్దెనిమిది కోళ్ల కూతతో పాటు ఒక ముసలి కోడి గొంతు కూడా వినిపించింది.