నా పొడుగు ప్రార్థన

మా చర్చి సంఘంలో నా ప్రార్థనకి పేరుండేది. పెళ్ళిళ్ళకీ, సమాధి కార్యక్రమాలకీ నన్నే పిలిచేవారు. ఓడరేవులో నాతో పనిచేసేవాళ్ళు మాత్రం "బావ కళ్ళు మూసాడంటే ఓడ లంగరెత్తి ఎల్లిపోయినా తెరవడు" అని ఎగతాళి చేసేవారు. వాళ్ళతో పాటు నేనూ నవ్వేవాణ్ణి.

రేవులో నాది గుమాస్తా పని. ఎండలో ఓడ పక్కన నిలబడి, ఏ సరుకు ఏ షెడ్డుకి పోవాలో, బరువులెత్తి దించే వించీల మోత మీద కేకలేసి చెప్పాలి. ఇరవై ఎనిమిదేళ్ళు అలా అరిచాను. సగంమంది విననట్టే పోయేవారు. నా భార్య పోయాక, యాభై రెండో ఏట, శనివారాల క్లాసులకి వెళ్ళి క్రైస్తవ కౌన్సెలర్‌నయ్యాను. సేవ అనే పేరు పెట్టుకున్నాను గానీ, అబద్ధం ఎందుకు, చర్చి వెనక గదీ, రెండు కుర్చీలూ, తలుపు మీద బోర్డూ చూసుకుని మురిసిపోయాను. ఇక మనుషులే వెతుక్కుంటూ వచ్చి నా మాట వింటారనుకున్నాను. క్లాసులు చెప్పిన పెద్దాయన మొదటిరోజే "వచ్చినవాణ్ణి ముందు మాట్లాడనివ్వండి, ప్రార్థన ఆఖర్న" అన్నారు. ఆ మాట నోట్సులో రాసుకుని కింద గీత కూడా గీశాను.

అప్పుడు ఎనభైలు మొదలయ్యాయి. ఉక్కు ఫ్యాక్టరీకి యంత్రాలు ఓడల్లో దిగుతున్న రోజులు. నాకు పాతికేళ్ళ స్నేహితుడొకడు వించి నడిపేవాడు. సింహాచలం అవతల పల్లెలో వ్యవసాయం వదిలి వచ్చినవాడు, ఏటా కొండ మెట్లెక్కి మొక్కు తీర్చుకునేవాడు. నేను క్రైస్తవుణ్ణని గానీ, తను కాదని గానీ మా మధ్య ఎన్నడూ రాలేదు. ఒక మధ్యాహ్నం అతను వించి మీద ఉండగా ఇనప తాడు తెగి, పెద్ద చెక్కపెట్టె ఓడ అడుగున పనిచేస్తున్న కళాసీ మీద పడింది. కళాసీ అక్కడికక్కడే పోయాడు. విచారణలో తాడు పాతదని తేల్చారు. నా స్నేహితుణ్ణి ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అయినా అతను అన్నం కెలికి లేచిపోయేవాడు, పిలిస్తే పలికేవాడు కాదు.

నెల తిరక్కుండానే, ఒక ఆదివారం సాయంత్రం నా గదికి వచ్చాడు. చెప్పులు బయట విడిచి, కుర్చీ అంచున కూర్చున్నాడు. టీ తెప్పించాను. ముట్టుకోలేదు.

"బావా, నానొకటి సెప్పాల. ఇంటికాడ సెప్పలేకపోతన్నాను."

"చెప్పు బావా."

"తాడుది తప్పు కాదు బావా. ఆ దినం నాను..."

నాకు కలిగింది జాలి కాదు, భయం. ఆ మాట విన్నాక నేనేం చెయ్యాలి? ఎవరికి చెప్పాలి, ఎవరి దగ్గర దాచాలి? "నీ తప్పేటుంది బావా? దేవుడున్నాడు. ముందు ప్రార్థన చేసుకుందాం" అనేసి, అతను తెరిచిన నోరు తెరిచినట్టే ఉండగా నేను కళ్ళు మూసుకున్నాను.

బాగా చేశాను ప్రార్థన. దావీదుని క్షమించినవాడా అన్నాను, పేతురుని లేవనెత్తినవాడా అన్నాను. నా గొంతు నాకే ఇంపుగా ఉంది. ఆమేన్ అని కళ్ళు తెరిస్తే ఎదురుగా ఎవరూ లేరు. టీ మీద మీగడ కట్టేసింది. నా ప్రార్థన చెడకూడదని కాబోలు, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్ళాడు. మనసు కుదుటపడి వెళ్ళుంటాడనుకుని, ఆ టీ నేనే తాగేశాను.

మూడోరోజు యారాడ సముద్రపు ఒడ్డున అతని శవం చేపలవాళ్ళకి కనబడింది. రాళ్ళ మీద కాలు జారిందన్నారు.

పెద్దకర్మ అయిన వారానికి అతని భార్య వచ్చింది. వచ్చి ఆ కుర్చీలోనే కూర్చుంది.

"అన్నియ్యా, బావకాడ సెప్పుకొత్తానని ఆ దినం నీ కాడికే ఒచ్చాడు. నాకు ముక్క సెప్పలేదు. నీకేటి సెప్పాడు?"

నా ప్రార్థన మొత్తం నాకు గుర్తుంది. అతనిది మాత్రం ఆ అరముక్కే ఉంది. అది చెప్తే, మొగుడి చేతుల్లో మనిషి పోయాడేమోనన్న అనుమానంతో ఆమె బతకాలి.

"ఏమీ చెప్పలేదమ్మా" అన్నాను.

ఆమె నా మొహంకేసి చూసి, మెల్లగా తలూపింది. "తెలుసు అన్నియ్యా. మీకాడ సెప్పింది బయటికి సెప్పకూడదంట గదా. పోనీలే. కడుపులోది ఎవలికో ఒకలికి సెప్పుకుని పోనాడు. నాకదే సాలు."

కాదమ్మా, నేను విననేలేదు అని చెప్పాలి. చెప్పలేదు. క్షమించమని దేవుణ్ణి అడుగుదామంటే దానికీ ప్రార్థనే చెయ్యాలి. ప్రార్థనంటేనే నాకు నోట్లో చేదు పుట్టేది.

ఆ గదిలో ఇంకో ఆరేళ్ళు కూర్చున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, వచ్చినవాళ్ళని నోరెత్తకుండా వినడం నేర్చుకున్నాను. బాగా వింటాడని పేరు కూడా వచ్చింది. ఒక్కరి మాటా అతని మాటకి బదులు కాలేదు.

ఆమె మాత్రం ఏటా క్రిస్మస్‌నాడు మా ఇంటికొచ్చేది. "మీ బావ మాట కడుపులో దాసినావు అన్నియ్యా" అని గుమ్మంలో నిలబడి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టేది. ఆ దండం చూడలేక నేను మళ్ళీ కళ్ళు మూసుకునేవాణ్ణి.