అన్న కంపెనీలో ఎంతమంది?

ఆ రోజుల్లో ఉన్నది ఉన్నట్టు చెప్పడమంటే నాకు మహా నామోషీ. మూడు నెలలు నేర్చుకున్న పనిని బయోడేటాలో మూడేళ్ల అనుభవంగా రాసుకున్న చెయ్యి నాది. (ఉద్యోగమిచ్చినవాళ్లు నమ్మారో, జాలిపడ్డారో ఇప్పటికీ తెలియదు.) జర్మనీ వచ్చి, ఆకెన్‌లో మాస్టర్స్ గట్టెక్కి డ్యూసెల్‌డార్ఫ్‌లో ఉద్యోగంలో చేరిన కొత్త. మా కంపెనీ ఒక నగరపాలక సంస్థకు సాఫ్ట్‌వేర్ చేసిపెట్టేది. అందులో కొంత పని చిన్న కంపెనీలకు ఇవ్వాలని, ఎవరికిచ్చామో, వాళ్ల దగ్గర ఎంతమంది ఉన్నారో ఆర్నెల్లకోసారి నివేదిక పంపాలని ఒప్పందంలో షరతు. ఎవరికీ ఇష్టంలేని ఆ నివేదిక, కొత్తవాణ్ని కనుక, నా నెత్తిన పడింది.

మేం పనిచ్చిన చిన్న కంపెనీ, అక్కడి తెలుగువాళ్లమంతా ‘కరీంనగర్ అన్న’ అని పిలుచుకునే ఆయనది. మేం రాసిన ప్రోగ్రాములన్నీ పరీక్షించి తప్పులు పట్టడం వాళ్ల పని. ఉద్యోగులు అన్న, వదిన. ఆఫీసు వాళ్ల ఫ్లాట్‌లో ముందుగది. ఆదివారమాదివారం వదిన చేతి పప్పుచారు తిని, ఆ ఇంటాయన పేరు పక్కన ‘ఇద్దరు’ అని రాయడానికి నాకు చెయ్యి రాలేదు. అన్న వెబ్‌సైటులో ‘మా టీమ్’ అని ఒక ఫొటో ఉండేది, నిజానికి అది బతుకమ్మ పండగనాటిది. అందులో తలలు లెక్కపెట్టి, చంటిపిల్లల్ని తీసేసి, పంతొమ్మిది అని రాసేశాను.

వారంలో నగరపాలక సంస్థ నుంచి ఉత్తరం. అంతమంది ఉంటే అది చిన్న కంపెనీ కాదట, పని వేరేవాళ్లకు ఇవ్వాలట. గురువారం పదింటికి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, స్వయంగా వచ్చి చూస్తారట. అన్నకున్నది ఆ ఒక్క పనే, దాన్ని చూపించే వీసా పొడిగించుకోవాలి. అయినా నిజం చెప్పే ధైర్యం లేక, “అన్నా, ఆఫీసరమ్మ మీ కంపెనీ చూడ్డానికి వస్తోంది” అని మాత్రం ఫోన్లో చెప్పాను.

గురువారం ఆవిడతో కలిసి వెళ్లేసరికి అన్న కోటు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. లోపల పన్నెండు మంది కుర్రాళ్లు ఇస్త్రీ చొక్కాలతో, లాప్‌టాప్‌లతో కూర్చున్నారు. కుర్చీ దొరకని ఒకడు వాషింగ్ మెషిన్ మీద టకటకా టైప్ చేస్తున్నాడు. ఆవిడ పెన్నుతో తలలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నేను అన్నను వంటింట్లోకి లాగి జరిగిందంతా కక్కేశాను.

“చిన్నగున్నమని చూపియ్యాల్నా? ముందుగాల చెప్పద్దా తమ్మీ? మా మామకు నలభై మంది అని చెప్పిన” అన్నాడు అన్న, ముఖం వేలాడేసి.

“మీ మామ ఇస్తడా వీసా? పోయి ఉన్నదున్నట్టు చెప్పు” అంది వదిన, ఇడ్లీపాత్ర దించుతూ.

అన్న బయటికొచ్చాడు. “వీళ్లంతా మీ ఉద్యోగులేనా?” అంది ఆవిడ. అన్న కోటు గుండీ పెట్టుకున్నాడు, తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. చివరికి తప్పిన పరీక్ష మార్కులు చెప్పినట్టు రెండు వేళ్లు చూపించి, “ఇద్దరమే. నేను, నా భార్య. వీళ్లు స్నేహితులు, సెలవు పెట్టి వచ్చారు” అన్నాడు జర్మన్లో. పంతొమ్మిది రాసిన తప్పు నాదేనని నేనూ ఒప్పుకున్నాను. ఆవిడ ఆర్నెల్లుగా పట్టిన తప్పుల కాగితాలు అడిగి తీసుకుంది. ప్రతి పేజీలోనూ అవే రెండు సంతకాలు. కళ్లజోడు తీసి, “ఇంత పనీ మీరిద్దరే చేశారా?” అంది. అన్న తల ఊపాడు, కోటు నిండా ఛాతీ ఉబ్బింది. పని అన్న దగ్గరే ఉండిపోయింది. ఆవిడ నాలుగు ఇడ్లీలు తినే వెళ్లింది.

ఇప్పుడు నాదీ ఒక చిన్న కంపెనీ. మొన్న అదే ఫారం వచ్చింది. ఎంతమంది అన్న గడిలో ‘1’ అని రాశాను. పక్కన ఒక సున్నా పెడితే ఎంత నిండుగా ఉంటుందో అనిపించి, నవ్వుకుని, పెట్టకుండానే పంపేశాను. ఇంత పనీ మీరొక్కరే చేశారా అని ఎవరైనా అడుగుతారేమోనని చూస్తున్నాను, ఇంకా ఎవరూ అడగలేదు.