కోటికి మిగిలిన ఒకటి

కొవ్వూరు గోదావరి గట్టున రామకోటి పుస్తకాలు కనిపిస్తే, ఎన్ని కోతలు కోసే నాకైనా అబద్ధం నోట రాదు.

చిన్నప్పుడు మా మామ్మ రోజూ రామకోటి రాసేది. "కోటి పూర్తయ్యాక పుణ్యం మీ ముగ్గురికీ సమానంగా పంచేస్తానర్రా," అంది మా ముగ్గురు అన్నదమ్ములతో. నేను కోటిని మూడుతో భాగించాను. ఎన్నిసార్లు చేసినా ఒకటి మిగిలింది.

"ఆ ఒక్కటీ నాదేరోయ్! నువ్వు అబద్ధాలకోరువి కదా, ఒక్క నామం తక్కువై యముడి నూనెలో వేగుతావ్," అన్నాడు అన్నయ్య.

వంటింట్లో పోపు చిటపటమన్నా వణికిపోయేవాణ్ణి. మూడోరోజు ఏడుస్తూ మామ్మ ఒళ్లో పడ్డాను.

"ఇంకో రెండు ఎక్కువ రాయవే మామ్మా! అప్పుడు ముగ్గురికీ సరిగ్గా తెగుతుంది."

"ఓస్, ఇంతేనా!" అంటూ గడుల బయట రెండు నామాలు రాసింది.

కోటి పూర్తి కాకుండానే మామ్మ పోయింది. కోటి దాటాక రాయాల్సిన ఆ రెండు మాత్రం నాకోసం ముందే రాసిపెట్టింది.