హాల్లో ఒక్కటే తెలుగు పేపరు

ఆరు నుంచి ఎనిమిది దాకా లెక్కలు చక్కగా చెప్పే టీచరు దొరకడం తమిళనాడులోని గుడియాత్తంలో కష్టమే. దొరికినవాళ్లను నిలబెట్టుకోవడం ఇంకా కష్టం. చిన్నమణి అలా దొరికిన మనిషి. గణితంలో డిగ్రీ, ఆపైన వేలూరులో బి.ఎడ్. చేసి, తల్లిదండ్రుల సంఘం ఇచ్చే జీతం మీద ఏళ్ల తరబడి ఒక మిడిల్ స్కూల్లో పాఠాలు చెప్పింది. భిన్నాలంటే బెదిరే పిల్లల ముందు తండ్రి నేసిన కైలీ లుంగీ ముక్క పరిచి, గళ్లలో ఎర్రవి ఎన్నో వంతో చెప్పమనేది. పిల్లలు భిన్నాలు నేర్చుకుని పై తరగతులకు వెళ్లిపోయారు. ఆమె తాత్కాలికంగానే ఉండిపోయింది. కారణం, టెట్ పాస్ కాలేదు. అయినా ఆ పరీక్ష పెడితే కదా పాసయ్యేది! ఏళ్లకేళ్లు పెట్టరు, పాసయ్యావా అని మాత్రం అడుగుతారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కుతినా తిననివ్వదు.

చివరికి ప్రకటన వచ్చింది. ఈసారి కూడా పాస్ కాకపోతే వచ్చే ఏడు ఉంచుకోవడం తన చేతిలో లేదని హెడ్మాస్టరు శంకరలింగం ముందే చెప్పేశాడు.

ఇంట్లో ఉండేది ఇద్దరే, చిన్నమణి, తండ్రి బలరామయ్య. వీధిలో అరవం, బడిలో అరవం, గడప దాటి లోపలికొస్తే తెలుగు. ఇద్దరికీ మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. అయినా జనాభా లెక్కలవాళ్లు అడిగినా, రేషన్ ఆఫీసులో అడిగినా "మాది తెలుగు" అని ఛాతీ విరుచుకుని చెప్పడం ఆ నేత వీధిలో అందరికీ అలవాటు. బలరామయ్యకు మరీను.

దరఖాస్తు నింపే రోజు అతను కూడా బ్రౌజింగ్ సెంటరుకు వచ్చి కూతురి పక్క కుర్చీలో కూర్చున్నాడు. సెంటరు నడిపే ఆనంద్‌రాజ్ "తాయ్‌మొళి?" అన్నాడు. మాతృభాష ఏదని.

"తెలుగు," అన్నాడు బలరామయ్య, కూతురు నోరు తెరవకముందే.

భాషా పేపరు కూడా తెలుగే పెట్టమంటారా అని ఆనంద్‌రాజ్ అడిగాడు.

"ఇంకేం పెడతారప్పా? మన భాష మనకు వస్తాది గదా!"

చిన్నమణి వద్దనబోయింది. కానీ తండ్రి ముఖం చూసింది. తన భాషలో కూతురు పరీక్ష రాయబోతోందని మురిసిపోతున్నాడు పాపం. టైముంది కదా, నేర్చుకుందాంలే అని ఊరుకుంది. లెక్కల టీచరు లెక్క తప్పింది అక్కడే.

నేర్చుకోలేదని కాదు. ఒకటో తరగతి వాచకం తెప్పించుకుని, సాయంత్రాలు మగ్గం పక్కన కూర్చుని పైకే చదివేది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ "ప... డు... గు" అనేలోపు నేత ఆపి, "పడుగమ్మా, పడుగు!" అని నవ్వేవాడు బలరామయ్య. అక్షరాలు కూతురివి, మాట తండ్రిది. ఇద్దరూ కలిస్తేగానీ వాక్యం పూర్తయ్యేది కాదు.

వానాకాలంలో అతనికి జబ్బు చేసింది. వేలూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. ఒంటరిగా తిరిగొచ్చింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆమె నోరు తెరిచి మాట్లాడాల్సిన అవసరమే లేకపోయింది.

పరీక్ష వేలూరులోనే పడింది. హాల్లో పర్యవేక్షకురాలు రాజాంబాళ్ "తెలుగు ఎవరు?" అని తమిళంలో అడిగితే చిన్నమణి ఒక్కతే చెయ్యెత్తింది. అందరూ తిరిగి చూశారు. లెక్కలు మంచినీళ్లు తాగినట్టు చేసేసి భాష దగ్గరికి వచ్చింది. అక్షరాలు గుర్తున్నాయి. కానీ కళ్లతో చూస్తే అవి మాటలు కావడం లేదు, చెవిన పడాలి. పెదాలు కదిపి గొణిగింది. ఒక వాక్యం అర్థమైంది. అంతలో రాజాంబాళ్ వచ్చి, శబ్దం చేయకూడదమ్మా అని మెల్లగా మందలించింది. చిన్నమణి నోరు మూసుకుంది. పేజీ మళ్లీ ఉత్త సున్నాలూ కొమ్ములూ అయిపోయింది. ఆమెకు పసిపిల్లలా ఏడుపొచ్చింది. తెలిసిన భాషే, తన ఇంటి భాషే, అడిగి చెప్పించుకోవడానికి మనిషి లేడు. గంట కొట్టేదాకా జవాబు పత్రంలో తోచిన గడులు నింపింది.

అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని. లెక్కలు గట్టెక్కించబోతే భాష ముంచేసింది. ఆమె స్థానంలో బడికి టెట్ సర్టిఫికెట్ ఉన్న జీవిత అనే అమ్మాయి వచ్చింది. చిన్నమణి కైలీ ముక్క ఆమె చేతికిచ్చి, ఎలా వాడాలో చెప్పింది. జీవిత దాన్ని మడిచి అలమారలో పెట్టింది. చిన్నమణి దగ్గర్లోని పేర్ణాంబట్టులో ట్యూషన్లకు కుదిరింది.

మళ్లీ ప్రకటన వచ్చినప్పుడు ఆనంద్‌రాజ్‌కు ఆమె గుర్తుంది. భాష తెలుగేనా అక్కా అన్నాడు. చిన్నమణి పక్కకు చూసింది. కుర్చీ ఖాళీగా ఉంది.

"తమిళ్," అంది.

ఈసారి సునాయాసంగా పాసైంది. శంకరలింగం ఫోన్ చేశాడు, జీవిత ఫోన్ చేసింది. అందరికీ తమిళంలోనే థాంక్స్ చెప్పింది. సర్టిఫికెట్ చేతికొచ్చిన సాయంత్రం ఇంటికొచ్చి, దీపం పెట్టి, మగ్గం ఎదురుగా నిలబడింది.

"నాయనా, పాసైనాను," అంది. తర్వాత గొంతు తగ్గించి, "అరవంలో రాసినాను. కోప్పడొద్దు నాయనా," అంది.

అతను పోయాక ఆ ఇంట్లో వినబడిన తెలుగు అదే. అన్నదీ ఆమే, విన్నదీ ఆమే.