బడి వరండాలో బీడీల చాట

మొన్న చేర్యాల నుంచి సిద్దిపేట వచ్చే బస్సులో పక్కసీటామె సంచి ఒళ్లోకి తీసుకోగానే తడిపిన తునికాకు వాసన గుప్పుమంది. అంతే, మా వదిన గుర్తొచ్చింది. వదినతోపాటు మా బడి వరండా, ఆమె నా ముఖాన వేసిన ఒక ప్రశ్న కూడా. ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాను గానీ, నన్ను నిలదీసిన మనిషి ఆమె ఒక్కతే.

మా అన్న తాళ్లెక్కి కల్లు గీసేవాడు, వదిన తునికాకుతో బీడీలు చుట్టేది. చాట ఒళ్లో పెట్టుకుందంటే చేతులు వాటి పని అవి చేసుకునేవి, నోరు మాత్రం వాడకట్టు మొత్తాన్నీ ఆటపట్టించేది. నన్ను "మరిది సారూ" అని పిలిచేది. అందులో గౌరవం ఎంతో, ఎక్కిరింపు ఎంతో నాకు ఇప్పటికీ తెలియదు. వాళ్ల బిడ్డ మా బళ్లోనే చదివేది. ఒక్కసారి విన్న పాఠం మరచిపోయేది కాదు, అదే పాఠం పుస్తకంలో చదవమంటే చెమటలు పట్టేవి. "అచ్చరాలు కదులుతున్నయి చిన్నాయనా" అనేది. నేనేం చేశాను? బద్ధకమని తేల్చి పాఠానికి పదిసార్లు రాయించాను. పిల్ల వేళ్లు కందిపోయాయి, తప్పులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. నా ఇంటి పిల్లకే చదువు రాదని నాకు తలకొట్టేసినట్టుండేది. నా తెలివి అంత!

మా బడిలో ఒక ఆనవాయితీ ఉండేది. పై అధికారి తనిఖీకి వస్తున్నాడంటే చదవడం రాని పిల్లల్ని ఆ రోజు ఇంట్లోనే ఉండమని, రిజిస్టరులో జ్వరమని రాసేవాళ్లం. వానాకాలంలో కూడా అన్ని జ్వరాలు వచ్చేవి కావు. ఆ పిల్ల పదో తరగతికి వచ్చిన ఏడు ఆ మాట వదినకు నేనే చెప్పొచ్చాను. మర్నాడు ఆమె బిడ్డను రెక్క పట్టుకుని తెచ్చి, సరిగ్గా అధికారి ముందే నిలబెట్టింది.

"మరిది సారూ, దీని ఒళ్లు పట్టి సూడు. ఏడున్నది జొరం?"

నేను రిజిస్టరు మూసేశాను. అధికారి పిల్లను చదవమన్నాడు, చదవలేకపోయింది. పుస్తకం మూసి చెప్పమన్నాడు. మొదటి నుంచి చివరిదాకా చెప్పింది, క్లాసులో నేను వేసిన జోకుతో సహా! "ఈ పిల్లకు తెలివి తక్కువేం లేదు సారూ, అక్షరాలతోనే తిప్పలు. దవాఖానల రాయించుకొస్తే పరీక్షల ఈమె చెప్తుంటే ఇంకొకరు రాయొచ్చు, టైం గూడ ఎక్కువిస్తరు" అన్నాడాయన.

వదిన దవాఖాన చుట్టూ తిరిగి కాగితం సాధించింది. దరఖాస్తు మీద హెడ్మాస్టరు సంతకం పెట్టడే! బడి పేరు ఖరాబవుతుందట. గడువు దగ్గరపడుతోంది. అది దాటితే పిల్ల తప్పడం ఖాయం, తర్వాత దాని ఒళ్లోకి కూడా బీడీల చాటే. వదిన గొడవ పడలేదు. చాట తెచ్చుకుని ఆయన గది ముందు వరండాలో కూర్చుని బీడీలు చుట్టింది. మూడో రోజుకు ఆయన ఓపిక పట్టలేకపోయాడు.

"బడిల పొగాకు పెట్టద్దని రూలున్నది, ఎరుకేనా?"

"నా బిడ్డ సెప్తుంటే పరీచ్చ ఇంకొకలు రాయచ్చని గూడ రూలున్నదంట గద సారూ. గా రూలు మీరు సూడున్రి, నా చాట నేను ఎత్తుకపోత."

నేను చాక్‌పీసు బల్ల మీద పెట్టి వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. నా ఉద్యోగం మొత్తంలో అంతకంటే మంచి పని చేసిన గుర్తు లేదు, అదీ ఆమె దారి చూపాకే. సాయంత్రానికి సంతకం పడింది.

ఆ పిల్ల పాసై ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. పరీక్షల్లో ఇప్పటికీ చెప్పి రాయిస్తుంది. కానీ నాకు గుర్తుండేది పదో తరగతి మొదటి పరీక్ష రోజే. పిల్లలందరూ బయటికొచ్చారు, మా పిల్ల ఇంకా లోపలే ఉంది. గేటు దగ్గర వదిన కంగారుపడింది. ఒక గంట ఎక్కువిచ్చారని చెప్పాను.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని నావైపు చూసి, "పదేండ్లు పోగొట్టి గంట ఇచ్చిన్రా, మరిది సారూ?" అంది.

సిద్దిపేటలో బస్సు దిగాక తునికాకు వాసన పోయింది. నేను ఎండలో కాసేపు అక్కడే నిలబడ్డాను. ఆ గంట మేమిచ్చిందే, కాదనను. ఆ పదేళ్లు మాత్రం ఏ వరండాలో ఎన్నాళ్లు కూర్చున్నా తిరిగి రావు.