తోక కలవని చేప

కృపాకుమారికి ఫుజైరాలో మొట్టమొదట నచ్చింది పొద్దు. నరసాపురం దగ్గర ఆమె పుట్టిన ఊళ్లో లాగే ఇక్కడా పొద్దు సముద్రంలోంచే పొడుస్తుంది. దుబాయ్ వైపు ఉండేవాళ్లకు ఆ భాగ్యం లేదు. వాళ్ల సముద్రంలో పొద్దు మునగడమే గానీ లేవడం ఉండదు. "మనూరి సూర్యుడేనమ్మా, వీసా లేకుండా వచ్చేశాడు" అని చెబితే కూతురు రేచెల్ పడీ పడీ నవ్వేది.

భర్త ప్రేమ్‌చంద్ కొండల్లో రాయి పగలగొట్టే క్రషర్‌లో ఫోర్‌మన్. చీకటి విడుతూండగానే కంపెనీ బండి వచ్చి హారన్ కొట్టేది. అతను క్యారేజీ పట్టుకుని దిగిపోయాక కృప ఇల్లు ఊడ్చుకుని, నీళ్లు చల్లడానికి వాకిలి లేక, గుమ్మం దగ్గర ఊరికే నిలబడిపోయేది. ఫ్లాటుకు వాకిలంటే లిఫ్టు ముందు చారెడు జాగా. అయినా వాళ్లది ముగ్గు పెట్టని ఇల్లు. కాపురానికి వచ్చిన రోజే అత్తగారు తేల్చి చెప్పింది: "మన సంఘంలో బొట్టూ ముగ్గూ లేవమ్మాయ్. చెరిపేసుకో."

కృప తల్లి కూడా ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషే. కానీ తెల్లవారితే వాకిట్లో ముగ్గు ఉండి తీరాలి. "ఊడ్చిన వాకిలి బోసిగా ఉంటే నాకు అన్నం సయించదు" అనేది. అత్తగారి మాటకు కృప తల వంచింది. అయిదో తరగతితో ఆగిన చదువు ఆమెది, ఎదురు చెప్పడం ఆ చదువులో రాలేదు.

కరోనా వచ్చి అందర్నీ ఇళ్లలో మూసిపెట్టినప్పుడు రేచెల్‌కు అయిదేళ్లు. గోడలు చూసి చూసి పిల్ల పిచ్చెత్తినట్టు తిరుగుతుంటే, అమ్మమ్మ ఫోన్లో చుక్కలు పెట్టడం నేర్పింది. వంటగది గచ్చు మీద గోధుమపిండితో పాఠం. రేచెల్ ఏ పాఠమూ చివరిదాకా వినే రకం కాదు. చేప వేస్తూ వేస్తూ తోక దగ్గరికొచ్చేసరికి గీత చుక్కలు దాటి బయటికి పారిపోయింది.

"తోక కలవలేదే, పిచ్చిదానా" అంది అమ్మమ్మ ఫోన్లోంచి.

"కలిపేస్తే ఇంక ఈదదు అమ్మమ్మా."

ప్రేమ్‌చంద్ అక్కడే కూర్చుని టీ తాగుతున్నాడు. పిల్ల మాటకు నవ్వు ఆపుకోలేక టీ ఒలకబోసుకున్నాడు. ముగ్గు మాట ఎత్తలేదు.

పిల్ల గుండెలో పుట్టుకతోనే చిన్న లోపం ఉంది. పెద్దయ్యే కొద్దీ సర్దుకుంటుందన్నారు. సర్దుకోలేదు. రెండువేల ఇరవై రెండులో, ఎండలు ముదిరే నెలలో, జ్వరంతో ఆసుపత్రిలో చేర్చిన పిల్ల మళ్లీ ఇంటికి రాలేదు. ఆ వార్డులో డ్యూటీ నర్సు హెప్సీ. కాకినాడ అమ్మాయి, వాళ్ల బిల్డింగులోనే ఉంటుంది, శుక్రవారం ప్రార్థన కూడికలోనూ కలుస్తుంది. పిల్ల ఊపిరి ఆగేటప్పుడు కృప చెయ్యి పట్టుకుని ఉన్నది హెప్సీయే. పిల్లను ఊరికి తీసుకెళ్లి ప్రేమ్‌చంద్ తండ్రి సమాధి పక్కన పాతిపెట్టి వచ్చారు. వెళ్లి కూర్చుని ఏడవడానికి కృపకు ఇక్కడ గుప్పెడు మట్టయినా మిగల్లేదు.

ఒకరోజు భర్త బండి ఎక్కాక ఆమె కూడా మెట్లు దిగి, రోడ్డు దాటి, సముద్రం దగ్గరికి నడిచింది. ఎందుకో ఆమెకే తెలియదు. ఒడ్డున ఇసుక పీతలు తెల్లవారుజామునే లేచి, ఎవరో కూలికి పెట్టుకున్నట్టు ఇసుక మోసి గోపురాలు కడుతున్నాయి. కట్టడం, అటూ ఇటూ కళ్లు నిక్కించి చూడడం, అడుగు చప్పుడైతే కన్నంలోకి దూరడం. కృప వాటిని చూస్తూ కూర్చుంది. కూర్చుని కూర్చుని, తెలియకుండానే వేలితో తడి ఇసుకలో చుక్కలు పెట్టింది. చుక్కలు కలిపితే చేప వచ్చింది. తోక కలపలేదు. అల వచ్చి చేపను తీసుకుపోయింది. పిల్ల పోయాక ఆమె ఏడవని మొదటి పొద్దు అదే.

అప్పట్నుంచి రోజూ వెళ్లేది. అల వచ్చే చోటే వేసేది, నలుగురూ నడకకు వచ్చేలోగా సముద్రమే తుడిచేస్తుందని. చూడగా చూడగా ఆ ఒడ్డు ఆమెకు కొత్త సరుకు దింపే దుకాణమైపోయింది. ఒకరోజు గవ్వలు, ఒకరోజు పలచని గులాబీరంగు ఆల్చిప్పలు, ఒకరోజు గాలికి కొట్టుకొచ్చిన తెల్లటి కటిల్ చేప ఎముక. రోడ్డు పక్క రాలిన కాగితంపూలు ఏరి చేపకు పొలుసులు పెట్టేది. వేపచెట్టు పూత రాలితే అది నురగ. నల్లటి గులకరాయి దొరికిన రోజు చేపకు కన్ను. వెనక రాతికొండలు ఊదారంగు నుంచి ఇటుకరంగుకు మారేవి, ఎదురుగా నూనె ఓడలు వరసగా లంగరేసి దున్నపోతుల్లా నిలబడేవి. ఇదంతా చూస్తూ ఆమె లోపల్లోపలే రేచెల్‌తో మాట్లాడుకునేది. ఈ రోజు చేపకు ఏ రంగు వేద్దామే?

పడవ కడుగుతూ హబీబుల్లా అనే ముసలి బెంగాలీ జాలరి చూసేవాడు. "బహన్, యే మఛ్లీ బడీ చాలాక్ హై, కభీ మేరే జాల్ మే నహీ ఆతీ" అని, తన వలకు చిక్కని చేప ఇదొక్కటేనని వేళాకోళం ఆడేవాడు. పడవ లాగేటప్పుడు ముగ్గు తొక్కకుండా పక్కనుంచి తిప్పుకుని వెళ్లేవాడు.

ఇసుక మీద వేలిగీత బాగా కనబడదని ఆమెకు వెలితిగా ఉండేది. ఒకనాడు భర్త ప్యాంటు దులుపుతుంటే మెత్తటి తెల్ల రాతిపొడి రాలింది. అచ్చం ముగ్గుపిండే.

"ఏవండీ, ఈ పొడి కొంచెం తెస్తారా?" అంది.

ప్రేమ్‌చంద్ ఆమె మొహంలోకి చూశాడు. ఎందుకని అడగలేదు. మర్నాటి సాయంత్రం క్యారేజీ బరువుగా వచ్చింది. అడుగు గిన్నె నిండా పొడి.

"మా ముదీర్ చూస్తే, కొండని క్యారేజీలో పెట్టుకుపోతున్నావా అంటాడు" అన్నాడు మేనేజర్ని తలుచుకుని, బూట్లు విప్పుకుంటూ.

పిల్ల పోయాక ఆ ఇంట్లో వినబడిన మొదటి హాస్యం అది. ఒక సెలవురోజు పొద్దున్నే తనే వెంట వచ్చి, పక్కన నిలబడి చూశాడు. తోక దగ్గర ఆమె చెయ్యి ఆగిపోవడం చూసి, తల తిప్పుకుని ఓడలవైపు చూస్తూ ఉండిపోయాడు. ఆ పొద్దు ఆమెకు అతని మీద ఎంత ప్రేమ పుట్టిందంటే, తిరిగొచ్చి చేపలపులుసు పెట్టింది.

నైట్ డ్యూటీ దిగిన రోజుల్లో హెప్సీ కూడా ఒడ్డుకి వచ్చేది. గవ్వలు ఏరి ఇచ్చేది.

"అక్కా, తోకెందుకు కలపవ్? ఏదో వదిలేసినట్టుంటది" అని అడిగింది ఒకసారి.

కృప ఎవరికీ చెప్పని మాట చెప్పింది. "అది రేచెల్ చేప. కలిపేస్తే ఈదదంట. కలపబుద్ధి కాదు హెప్సీ. ఎవరికీ చెప్పకే."

"నా నోట్లోంచి వస్తే అడుగక్కా" అని హెప్సీ కృప అరచేతిలో ఒక గవ్వ పెట్టి మూసింది.

శుక్రవారం కూడిక ఏసుదానం గారింట్లో జరుగుతుంది. ఆయన సంఘపు పెద్ద, మంచివాడే, ఎవరికి ఒంట్లో బాగోకపోయినా ముందు పరిగెత్తే మనిషి. పాటలయ్యాక ప్రార్థన మనవులు. అందరూ కళ్లు మూసుకుంటారు, ఒకరి తరువాత ఒకరు మనవి చెబుతారు. తన కోసమే కాదు, పక్కవారి కోసం కూడా చెప్పవచ్చు. బయట చెబితే చాడీ అయ్యేది, కళ్లు మూసుకుని చెబితే మనవి అవుతుంది.

డ్యూటీల వల్ల హెప్సీ చాలా శుక్రవారాలు రాలేకపోయింది. "హెప్సీ సిస్టర్ విశ్వాసం చల్లబడింది" అని ఆడవాళ్లు గుసగుసలు పోతున్నారు. ఆ రోజు వచ్చింది. తన వంతు వచ్చేసరికి గొంతు వణికించుకుంటూ మొదలుపెట్టింది.

"మన కృప అక్క కోసం ప్రార్థన చేయండి. అక్క రోజూ తెల్లారకముందే సముద్రం ఒడ్డున ముగ్గులు పెడతన్నాది. పోయిన పాపని తిరిగి రప్పించుకోడానికని పెడతన్నాది. ఆ బంధకంలోంచి ప్రభువు అక్కని విడిపించాలని..."

గదిలో ఎవరో "అయ్యో తండ్రీ" అన్నారు. ఎవరో నాలుక చప్పరించారు.  రప్పించుకోవడానికి అని కృప ఎప్పుడంది?

ఏసుదానం గారు కళ్లు మూసుకునే అడిగారు. "ప్రేమ్‌చంద్ బ్రదర్, ఈ సంగతి మీ ఎరికలో ఉందా?"

కృప కళ్లు తెరిచింది. ఆ గదిలో తెరిచి ఉన్న కళ్లు ఆమెవే. మగవాళ్ల వైపు కూర్చున్న భర్తను చూసింది. రెండు చేతులూ గట్టిగా జోడించుకుని ఉన్నాడు. ఎంత రుద్ది కడిగినా పోని రాతిపొడి గోళ్ల సందుల్లో తెల్లగా కనబడుతోంది.

"లేదండీ" అన్నాడు ప్రేమ్‌చంద్. "నాకు తెలియదు."

ఆ మీదట చాలాసేపు ప్రార్థన జరిగింది. చివర్న అందరితో పాటు అతనూ ఆమెన్ అన్నాడు. అందరి గొంతుల్లోనూ కృపకు ఆ ఒక్క గొంతే వినబడింది.

ఇంటికొచ్చి తలుపు వేశాక ఆమె అడిగింది. "తెలియదా అండీ?"

"నలుగుర్లో ఏమనమంటావు? నేనే మోసుకొచ్చి ఇస్తున్నానని చెప్పమంటావా? రేపు మన మొహం ఎవరైనా చూస్తారా?"

"నా మొహం చూశారుగా ఇందాక అందరూ."

అతను కిటికీలో ఆమె ఏరి దాచుకున్న గవ్వల సీసా తీసి చెత్తబుట్టలో పడేశాడు. "ఇంక అటు వెళ్లకు. ఖలాస్" అన్నాడు. పిల్ల పోయినప్పుడు కూడా ఆ మనిషి ఆమెతో అంత ముక్తసరిగా మాట్లాడలేదు.

కొన్నాళ్లు ఆమె వెళ్లలేదు. వంట చేసింది, బట్టలు ఉతికింది, క్యారేజీ కట్టింది. కూడికకు రమ్మంటే వెళ్లింది. వంతు వచ్చినప్పుడు "నాకు మనవులేం లేవండి" అంది. ఆ ఇంట్లో మాటలు ఉప్పు అయిందా, బండి వచ్చిందా అన్నంత వరకే. కిటికీలోంచి పొద్దు లేవడం సగమే కనబడేది, మిగతా సగానికి ఎదుటి బిల్డింగు అడ్డం. పిల్లతో మాట్లాడుకుందామంటే గోడల మధ్య మాట పుట్టేది కాదు. అలాగే ఉంటే రేచెల్ గొంతు కూడా మరిచిపోతానేమోనని ఆమెకు భయం పట్టుకుంది. ఆ భయం ముందు మిగతా భయాలు చిన్నవైపోయాయి.

ఒక పొద్దున భర్త బండి మలుపు తిరగగానే మెట్లు దిగింది. పిండి లేదు, గవ్వలు లేవు, ఉత్తచేతులే. ఒడ్డున నిలబడి అలను చూసింది. దాన్ని దాటి పైకి, అల రాని చోటుకి, జనం నడిచే బాట పక్కకి వచ్చి, మంచుకి తడిసిన ఇసుకలో కూర్చుంది. చుక్కలు పెట్టసాగింది.

హబీబుల్లా దూరం నుంచే అరిచాడు. "అరే బహన్, మఛ్లీ ఆజ్ పానీ ఛోడ్ దీ?" చేప నీళ్లు వదిలేసిందా అని.

ఆమె నవ్వలేదు గానీ తల ఊపింది.

వెనక అడుగుల చప్పుడైంది. యూనిఫాంలోనే ఉంది హెప్సీ. నిద్రలేని కళ్లు.

"అక్కా, నాతో మాట్లాడవా? నీ మేలు కోరే చెప్పేనక్కా."

"రప్పించుకోడానికి అని నీతో అన్నానా?"

"అనలేదు. అందరూ నావైపే వింటన్నారక్కా... నోట్లోంచి అలా వచ్చేసింది."

కృప వేలు ఆగలేదు. "నా పిల్ల పోయేటప్పుడు పక్కనున్నది నువ్వే. అది ఇక రాదని ఈ ఊళ్లో అందరికన్నా బాగా తెలిసినదానివి నువ్వే. నీ నోట్లోంచే వచ్చిందా హెప్సీ ఆ మాట?"

హెప్సీ ఏడ్చింది. వంగి ఒక గవ్వ ఏరి చెయ్యి చాపింది. కృప అందుకోలేదు.

"కాలు తియ్యి. చుక్క మీదుంది."

హెప్సీ కాలు తీసింది. కాసేపు నిలబడి, గవ్వను అక్కడే ఇసుకలో పెట్టి వెళ్లిపోయింది. నడకకు వచ్చిన వాళ్లు ఆగి చూశారు. వాళ్లలో కూడిక వాళ్లూ ఉన్నారు. కృప తల ఎత్తలేదు. తోక దగ్గర గీతను వదిలేసి, లేచి, ఇసుక దులుపుకుని ఇంటికి వచ్చింది.

ఆ కబురు ప్రేమ్‌చంద్‌కు సాయంత్రంలోగా చేరకుండా ఎలా ఉంటుంది? తిట్లు తప్పవనుకుంది కృప. అతను వచ్చాడు, బూట్లు విప్పాడు. క్యారేజీ తెచ్చి వంటగది గట్టు మీద పెట్టాడు. పెట్టిన చప్పుడుకే తెలిసింది, బరువుగా ఉందని.

మూత తీస్తే అడుగు గిన్నెలో తెల్లటి పొడి. మునుపటికన్నా మెత్తనిది, జల్లించినట్టుంది.

"ఏమిటండీ ఇది?"

"పిండి" అన్నాడు, గోడవైపు చూస్తూ. "కృపా, వేలితో గీస్తే కనబడదుగా నీకు."

"ఏం పిండి? మీకు తెలియదుగా."

  కృప మూత బిగించి పక్కన పెట్టి, అన్నానికి ఎసరు పెట్టుకుంది.

మర్నాడు బండి హారన్ కొట్టేసరికి క్యారేజీ ఎప్పటిలాగే గుమ్మం దగ్గర సిద్ధంగా ఉంది. పై గిన్నెల్లో వేడన్నం, గోంగూర పప్పు. అడుగు గిన్నె మాత్రం ఆమె ముట్టుకోలేదు. అతను తెచ్చిన పొడి తెచ్చినట్టే ఉంది. ప్రేమ్‌చంద్ పట్టుకుని లేపగానే ఆ బరువు అర్థమై ఒక్కక్షణం ఆగాడు. కింద మళ్లీ హారన్ మోగింది. అతను మెట్లు దిగాడు.

అతని వెనకే ఆమె దిగింది. అతను బండి వైపు వెళ్లాడు. ఆమె రోడ్డు దాటింది.