తల్లి నెత్తిన ఒట్టు

ఇది రాయకపోతే మా చుట్టాలు చెప్పే కథే మిగులుతుంది. వాళ్ల కథలో మా అమ్మాయికి ఫోన్ పిచ్చి పట్టింది, పెద్దలు నాలుగు మాటలు చెప్పారు, పిల్ల దారికొచ్చింది. అది అబద్ధం. పిల్లల చేతుల మీద గాట్లు చూసి ఇంకో ఇంట్లో మేం చేసిన తెలివితక్కువ పనే చేయకముందే నిజం రాసిపెట్టాలి.

నేను మణుగూరు బొగ్గు గనిలో డంపర్ లారీ నడుపుతాను. నా బడి చదువు పదో తరగతితో ఆగింది. ఆ తర్వాత చదివిందంతా గ్రంథాలయంలోనే. బీరువాలకు బీరువాలు చదివానని గొప్పలు చెప్పుకునేవాణ్ణి. మండు వేసవిలో ఇంటర్ చదివే నా కూతురు నిండు చేతుల చొక్కా వేసుకు తిరుగుతుంటే, ఎందుకని అడగడానికి ఆ చదువేదీ పనికిరాలేదు.

ఒకరోజు తలకు నూనె పెడుతూ మా ఆవిడ చూసింది. ముంజేతి మీద గాట్లు, కొన్ని మానినవి, కొన్ని పచ్చివి. తనే చేసుకున్నానని పిల్ల ఒప్పుకుంది. ఎందుకో చెప్పలేదు. మర్నాటికే తల్లాడ నుంచి మా అక్క, బావ దిగారు.

“ఎవడో పోరడు ఉండుంటడు. ముందు ఫోన్ గుంజుకోండి,” అంది అక్క, చెప్పులు విడవకముందే.

బావ తన చేతులు రెండూ చాపాడు. “పత్తి ఏరితే మాకు గిట్ల గీతలు పడలేదా? మేమేమన్న మంచం ఎక్కినమా? ఏం బామ్మర్దీ, అన్ని పుస్తకాలు సదివితివి, దీనికి మందు రాయలేదా వాటిల్ల?”

పత్తికాయ గీసిన గీతకూ, మనిషి తనను తాను కోసుకున్న గాటుకూ తేడా తెలియని ఈయనే మా వైపు పంచాయితీలు తీరుస్తాడు.

చివరికి వాళ్లు తేల్చింది ఒట్టు. పిల్ల చెయ్యి తీసి తల్లి నెత్తిన పెట్టించారు. “మల్ల చేస్తే మా అమ్మ నాకు దక్కదు అను,” అంది అక్క. పిల్ల అంది. నేను పక్కన నిలబడి తలూపాను. అందరికంటే నీచం నాదే, ఒట్లను నమ్మనని కాలనీ అంతా చెప్పుకు తిరిగేది నేనే గనక. పని అయిపోయిందని, అక్కే వండిన నాటుకోడి కూర తిని వాళ్లు బస్సెక్కారు.

నెల తిరగకముందే మా ఆవిడకు మలేరియా వచ్చింది. అడవి అంచున అది వింతేం కాదు. కానీ పిల్ల కాలేజీ మానేసి మంచం పట్టె వదల్లేదు. తల్లి కన్ను మూస్తే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది.

“అమ్మ చచ్చిపోదు కద నాన్నా? నా వల్ల కాదు కద?” అని అడిగింది.

అప్పుడు తెలిసింది, మళ్లీ చేసుకుందని. మా ఒట్టుతో ఆగింది ఆమె నోరొక్కటే. పైగా తల్లిని తానే చంపుతున్నాననే భారం కూడా ఆమె నెత్తికెత్తాం.

గ్రంథాలయం మేడమ్‌ను పిల్లల మనసు గురించిన పుస్తకం అడిగాను. దుమ్ము దులిపి ఇచ్చింది. నేను రోజూ దాటిపోయే బీరువాలోదే. మాటల్లో పెట్టలేని బాధను ఓర్చుకోవడానికి కొందరు పిల్లలు ఇలా చేస్తారని, అది నాటకం కాదని అందులో ఉంది. తిట్టొద్దు, మాట తీసుకోవద్దు, వినాలి. చావు ఆలోచన ఉందా అని నేరుగా అడగాలి, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. డాక్టరుకు చూపించాలి.

ఆ మధ్యాహ్నమే మా ఆవిడకు చదివి వినిపించాను. ఆమె జ్వరంతోనే లేచి కూర్చుని కూతుర్ని పిలిచింది.

“ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన బిడ్డా. నాది దోమ జొరం, నీ వల్ల వచ్చింది కాదు. మల్ల చేసుకున్నా వచ్చి చెప్పు. కొట్టం, తిట్టం.”

 పిల్ల చొక్కా చెయ్యి పైకి మడిచింది.

“చచ్చిపోవాలనిపిస్తుందా అమ్మా?” అని పిల్లను అడిగాను. 

“అప్పుడప్పుడు. ఇయ్యాల లేదు.”

ఆ రోజంతా తనను ఒంటరిగా వదల్లేదు. మర్నాడు పొద్దున్నే ఖమ్మం బస్సెక్కాం. అక్కడి మానసిక వైద్యురాలు మమ్మల్ని బయట కూర్చోబెట్టి పిల్లతో మాట్లాడింది. ఇప్పటికీ వెళ్తున్నాం. అంతా మానిందని రాయను. చేసుకోవాలనిపిస్తే ముందే వచ్చి చెబుతోంది, అన్నిసార్లూ కాకపోయినా.

“మా ఒట్టే పనిచేసింది,” అని అక్క ఇప్పటికీ అంటుంది. ఆమెకు నేను రుణపడింది ఒక పూట కోడికూర మాత్రమే, అదీ మా ఇంటి కోడే.

గ్రంథాలయం మేడమ్‌కు, డాక్టరమ్మకు, ఖమ్మం వెళ్లే రోజుల్లో తన షిఫ్టు నాతో మార్చుకునే తోటి ఆపరేటరుకు, జ్వరంలోనూ నాకంటే తెలివిగా నడుచుకున్న మా ఆవిడకు దండాలు. పేర్లు రాద్దామనే అనుకున్నాను. “వాళ్ల పేర్లు రాస్తే నేనెవరో తెలిసిపోతది నాన్నా,” అంది మా అమ్మాయి. ఇది మొదట చదివి, రెండు చోట్ల కొట్టేసి, మిగతాది ఉండనిచ్చింది. తనకూ దండం.